సొంత ఖర్చుతో కథల పుస్తకం: రాతప్రతి నుంచి పాఠకుడి చేతికి చేరేదాకా

ఒకప్పుడు తెలుగు కథకుడు కథ రాసి వారపత్రికకు పంపితే సగం పని అయిపోయేది. నాలుగు కథలు అచ్చయి పేరొస్తే, విజయవాడ ఏలూరు రోడ్డులో ఎవరో ఒక ప్రచురణకర్త పుస్తకం వేసేవారు. ఊరూరా ఉన్న అద్దె పుస్తకాల షాపులు, గ్రంథాలయాలు కాపీలు కొనేవి. ఆ గొలుసు ఒక్కో లంకె చొప్పున తెగిపోయింది. ఆంధ్రపత్రిక 1991లో ఆగింది. అద్దె షాపులు టీవీ సీరియళ్ల కాలంలో మూతపడ్డాయి. 2020లో కరోనా దెబ్బకు నవ్య, ఆంధ్రభూమి వారపత్రికలు కూడా ఆగిపోయాయి. మరోపక్క 1998 నుంచి ఈమాట, ఆ తర్వాత సారంగ, సంచిక వంటి వెబ్ పత్రికలు కథలకు చోటిచ్చాయి. ప్రతిలిపి యాప్‌లో ఎడిటర్ అనుమతితో పనిలేకుండా ఎవరైనా రాయొచ్చు. అన్వీక్షికి, ఛాయ లాంటి కొత్త ప్రచురణ సంస్థలు కొత్త రచయితలను ధైర్యంగా తెస్తున్నాయి. అయినా తొలి కథల సంపుటి చాలామందికి ఇప్పటికీ సొంత ఖర్చే.

అచ్చు వేయడం ఇప్పుడు కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాతే. చాలామంది వరసను తలకిందులుగా పెట్టుకుంటారు: ముందు ముఖచిత్రం, తర్వాత ఆవిష్కరణ తేదీ, తర్వాత వెయ్యి కాపీలు, చివర్లో "ఇప్పుడు ఎవరికి అమ్మాలి?" అన్న ప్రశ్న. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ముందు పాఠకులను లెక్కపెట్టండి, కాపీల లెక్క దాని వెనకే వస్తుంది. కింది అడుగులన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

1. కొనేవాళ్ల జాబితా రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు పేజీలు కేటాయించండి. మొదటి పేజీలో, మీ కథలు చదివి ఇంతకుముందే మీకు ఫోన్ చేసినవాళ్లు, మెసేజ్ పెట్టినవాళ్లు. లైక్ కొట్టినవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు. రెండు వాక్యాలైనా కథ గురించి మాట్లాడినవాళ్లే పాఠకులు. రెండో పేజీలో, మీ కథల నేలతో సంబంధం ఉన్నవాళ్లు. కథలు సింగరేణి చుట్టూ తిరిగితే గోదావరిఖని, కొత్తగూడెం పాఠకులు. చేనేత జీవితమైతే మంగళగిరి, పోచంపల్లి, చీరాల వైపు వాళ్లు. మూడో పేజీలో, ఊరు దాటి దేశం దాటి వెళ్లినా తెలుగు చదవడం మానని మీ క్లాస్‌మేట్లు, బంధువులు.

మూడు పేజీలూ కలిపి నిజాయితీగా నూట యాభై పేర్లు వస్తే మీ పుస్తకానికి నేల ఉన్నట్టే. నలభై దగ్గర ఆగిపోతే పుస్తకం మానుకోమని కాదు. ఇంకో ఏడాది పత్రికల్లో, వెబ్‌లో కథలు వేయించి, ఆ జాబితా పెరిగాక రండి. కథలు ఎక్కడికీ పోవు.

2. కథలు ఎంచండి

ఉన్నవన్నీ వేసేయాలనే తొందర తొలి పుస్తకాన్ని బాగా దెబ్బతీస్తుంది. ఇరవై కథలుంటే పన్నెండు చాలు. ఒకే మలుపు, ఒకే రకం ముగింపు ఉన్న కథలు రెండుంటే ఒకటి తీసేయండి. పోటీలో బహుమతి వచ్చిందన్న కారణంతో బలహీనమైన కథను ఉంచకండి. షాపులో నిలబడి పుస్తకం తిరగేసేవాళ్లు మొదటి కథ మొదటి పేజీ చదివే కొనాలా వద్దా అని తేల్చుకుంటారు కాబట్టి, మీ కథల్లో చదువరిని వేగంగా లోపలికి లాగేది ముందుండాలి.

ప్రతి కథ చివర అది మొదట అచ్చయిన పత్రిక పేరు, తేదీ వేయండి. తెలుగులో ఇది పాత మంచి అలవాటు. ఈమధ్య కొన్ని పుస్తకాల్లో కనబడటం లేదు. రేపు ఎవరైనా మీ కథల మీద పరిశోధన చేస్తే వాళ్లకు మొదట కావలసిన సమాచారం అదే.

3. ముఖచిత్రానికి ముందు ఎడిటర్

ప్రూఫ్ చూడటం, ఎడిటింగ్ ఒకటి కావు. మనదగ్గర ప్రూఫ్‌రీడర్లు ఎప్పటినుంచో ఉన్నారు. "ఈ పేరా ఎందుకు? ఈ పాత్ర ఇక్కడ ఇలా మాట్లాడుతుందా?" అని అడిగే ఎడిటర్ మాత్రం చాలా తక్కువ. బడ్జెట్ చిన్నదైతే ముఖచిత్రం ఖర్చు తగ్గించుకోండి గానీ ఎడిటర్‌ను వదులుకోవద్దు. ఆ పనికి స్నేహితుణ్ణి అడగొద్దు. మొహమాటం లేకుండా చెప్పగల పరిచయస్తుణ్ణి అడిగి, డబ్బులిచ్చి చేయించుకోండి. ఉచితంగా చేసే పని రెండో కథ దగ్గరే నెమ్మదిస్తుంది.

ఎడిటర్‌తో ముందే ఒక మాట అనుకోండి: మాండలికం జోలికి వెళ్లొద్దు. పాలమూరు యాసను గానీ, ఉత్తరాంధ్ర పలుకుబడిని గానీ "సరిచేసి" ప్రామాణిక భాషలోకి మార్చితే కథ గొంతు పోతుంది. అయితే ఒకే పాత్ర ఒక పేజీలో "వస్తుండు" అని, ఇంకో పేజీలో "వస్తున్నాడు" అని అంటే మాత్రం అది లోపమే. ఆ తేడా పట్టగలిగినవాళ్లే మీకు కావాలి.

ఇక ముందుమాటలు. మూడు నాలుగు ముందుమాటలు, ఆ పైన రచయిత మాట, కృతజ్ఞతలు కలిసి ఇరవై పేజీలు అయ్యాక గానీ మొదటి కథ రాని పుస్తకాలు మనకు కొత్తేమీ కాదు. ఒక్క ముందుమాట చాలు. అదీ మీ కథలన్నీ చదివినవాళ్లు రాస్తేనే. లేకపోతే ఆ పేజీలు మిగుల్చుకోండి, కాగితం ఖర్చైనా తగ్గుతుంది.

4. హక్కులు ఎవరివో తేల్చుకోండి

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచనకు మొదటి హక్కుదారు సాధారణంగా రచయితే. పత్రికలో అచ్చయినంత మాత్రాన హక్కు పత్రికకు పోదు, మీరు రాతపూర్వకంగా ఇచ్చేస్తే తప్ప. కాబట్టి పోటీల నిబంధనలు, యాప్‌లలో మనం చదవకుండా ఒప్పుకునే షరతులు ఒకసారి తీసి చూడండి. కథలో సినిమా పాట చరణాలు వాడి ఉంటే అనుమతి తీసుకోండి, లేదా తీసేయండి. రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కు బతికే ఉంటుంది.

పుస్తకాన్ని వేరే సంస్థకు ఇస్తుంటే ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే చట్టం 5 ఏళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని అనుకుంటుంది. అచ్చు హక్కు ఇవ్వండి. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి మన పొరుగునే ఉన్న కన్నడం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన కథల సంపుటికి వచ్చింది, నవలకు కాదు. అలాంటి తలుపు ఎవరికి ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం.

5. డీటీపీ: అసలు టెన్షన్ ఇక్కడే

మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రాసింది యూనికోడ్, అంటే ఏ పరికరంలోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. పుస్తకం పేజీలు కూర్చిపెట్టే డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ నడిచేది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు. మీ ఫైలు యూనికోడ్ నుంచి అనులోకి, పుస్తకం అయ్యాక ఈబుక్ కోసం అను నుంచి మళ్లీ యూనికోడ్‌లోకి మారుతుంటే ప్రతి మార్పిడిలోనూ అక్షరాలు దెబ్బతింటాయి. అందుకే మొదటి ప్రశ్న ఇది: "మీరు ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టగలరా?" (ఇన్‌డిజైన్ అంటే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్.) పెట్టగలమంటే ఒక కథ శాంపిల్‌గా ఇచ్చి చూడండి. మండలి, రామరాజ, సురవరం, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లోపలి పేజీలకు నిండుగా, ఒంపులు స్పష్టంగా ఉన్న ఫాంట్ తీసుకోండి. అలంకారపు ఫాంట్లు కథల పేర్లకు సరిపోతాయి.

పాత కథలు అనులోనే ఉండి మార్పిడి తప్పకపోతే ప్రూఫ్‌లో ప్రత్యేకంగా వెతకాల్సిన తప్పులు కొన్ని ఉన్నాయి. "రాము" కాస్తా "రావుు" అవుతుంది. "మ" ఉండాల్సినచోట "వు" చేరుతుంది. "య" వెనక అక్కర్లేని కొమ్ము వచ్చి "సమయం" "సమయుం" అవుతుంది. ఒత్తులు పక్క అక్షరానికి జరిగిపోతాయి. వీటిని కళ్లతో వెతికితే దొరకవు, మెదడు తనంతట తానే సరిదిద్దుకుని చదివేస్తుంది. ఫైండ్‌లో "వుు" అని కొట్టి ఒక్కొక్కటీ పట్టుకోండి. యూనికోడ్‌లోనూ ఒక చిక్కు ఉంది. "ఫేస్‌బుక్" అనే మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడగొట్టే గుర్తు ఉంటుంది. అది జారిపోతే "ఫేస్బుక్" అని ఒత్తుతో వస్తుంది. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్న కథల్లో ఈ తప్పు పేజీకి రెండు మూడు చోట్ల కనబడుతుంది.

ప్రూఫ్ కనీసం మూడుసార్లు చూడాలి. మొదటిసారి కంప్యూటర్ మీద. రెండోసారి కాగితం మీద ప్రింట్ తీసి, మీరు కాకుండా వేరేవాళ్లు. మూడోసారి, ప్రెస్సుకు వెళ్లే చివరి పీడీఎఫ్ మీద కేవలం పేజీ నంబర్లు, విషయసూచిక, కథల పేర్లు, పేరాల చివరి లైన్లు. మూడోసారి చూసేటప్పుడు వాక్యాలు మార్చొద్దు. ఒక్క మాట మారితే లైను జరుగుతుంది, లైను జరిగితే పేజీ జరుగుతుంది, విషయసూచిక తప్పుతుంది.

6. ఐఎస్‌బీఎన్, వివరాల పేజీ

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి 13 అంకెల గుర్తింపు సంఖ్య. మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ కేటాయిస్తుంది, ఉచితం. రచయితే ప్రచురణకర్త అయినా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే మధ్యవర్తులుంటారు, వాళ్ల జోలికి పోవద్దు. సమయం పడుతుంది కాబట్టి డీటీపీ మొదలైన రోజే దరఖాస్తు పెట్టండి. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈబుక్‌కు వేరే నంబరు. వెనక అట్ట మీద బార్‌కోడ్ ఈ నంబరు నుంచే వస్తుంది.

వివరాల పేజీలో పుస్తకం పేరు, రచయిత, కాపీరైట్, ప్రథమ ముద్రణ నెల, సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, ముఖచిత్రం వేసినవారు, ప్రచురణ, ముద్రణ ఉండాలి. "ప్రతులకు" అన్నచోట ఎక్కడ దొరుకుతుందో ఫోన్ నంబరుతో వేయండి. రెండేళ్ల తర్వాత గ్రంథాలయంలో మీ పుస్తకం చదివి ఇంకో కాపీ కావాలనుకునే మనిషికి ఆ నంబరే దారి.

7. కాపీలు, కాగితం, వెల

కథల పుస్తకానికి 1/8 డెమీ సైజు వాడుకలో ఉంది, సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల పొడవు. ఒక డెమీ షీటుకు 16 పేజీలు పడతాయి. దీన్నే ఫారం అంటారు. కాబట్టి పుస్తకం 144, 160, 176 పేజీలు అయ్యేలా చూసుకుంటే కాగితం వృథా పోదు. 163 పేజీల దగ్గర ఆగితే మూడు పేజీల కోసం కొత్త ఫారం పడుతుంది. అలాంటప్పుడు ముందుమాట కుదించండి. 160 పేజీలంటే కాపీకి 10 షీట్లు. 500 కాపీలకు 5000 షీట్లు, అంటే 500 షీట్ల రీములు 10, పైన కొంత వేస్టేజి. ఈ లెక్క తెలిస్తే ప్రెస్సు కొటేషన్ మీకే అర్థమవుతుంది. కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లితో రకం చాలు. 80 అయితే వెనక పేజీ అచ్చు కనబడదు, పోస్టులో బరువు పెరుగుతుంది.

ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే, అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది. ప్లేట్లు లేకుండా నేరుగా ఫైలు నుంచే అచ్చయ్యే డిజిటల్‌లో యాభై వేసినా మూడొందలు వేసినా కాపీ ధరలో పెద్ద తేడా ఉండదు. నా సలహా: తొలి పుస్తకానికి 300 కాపీల లోపు డిజిటల్. 500 నిజంగా పోతాయనుకుంటేనే ఆఫ్‌సెట్. "ఇంకో పదివేలు వేస్తే వెయ్యి వస్తాయి కదా" అన్న ఆశ దగ్గరే చాలామంది డబ్బు మంచం కింద అట్టపెట్టెల్లో చిక్కుకుంటుంది.

ఇప్పుడు వెల. కింది అంకెలు లెక్క తెలియడానికి అనుకున్నవి, మీ ఊరి కొటేషన్లతో మళ్లీ వేసుకోండి. 300 కాపీలు. ఎడిటింగ్, ప్రూఫ్, డీటీపీ, ముఖచిత్రం కలిపి 30,000 రూపాయలు. అచ్చు కాపీకి 80 చొప్పున 24,000. మొత్తం 54,000, అంటే కాపీకి 180. "180 పడింది, 200 పెడదాం" అంటారు చాలామంది. షాపుకు 40 శాతం కమిషన్ ఇస్తే 200 రూపాయల పుస్తకం మీద మీకొచ్చేది 120. సగం నేరుగా, సగం షాపుల్లో అమ్మినా, అన్ని కాపీలూ పోయినా చేతికొచ్చేది 48,000. ఆరువేలు నష్టం. వెల 250 పెడితే 60,000 వస్తుంది, ఆరువేలు మిగులు. కానీ 40 కాపీలు సమీక్షలకు, పెద్దలకు, చుట్టాలకు ఉచితంగా వెళ్తే మిగిలిన 260 మీద 52,000. మళ్లీ రెండువేలు నష్టంలోకి వచ్చారు. ఉచిత కాపీలే మీ లాభాన్ని తింటాయి. ఆ సంఖ్య ముందే తేల్చుకుని, దాటొద్దు.

పుస్తకం కొనడం అవమానమని, బహుమతిగా రావాలని అనుకునే సాహిత్య మిత్రులు మనకు తక్కువేం లేరు. "కొని చదవండి అన్నా" అని చనువుగా చెప్పేయండి. చదవాలనుకున్నవాళ్లు కొంటారు.

అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. ప్రెస్సు బిల్లు మీద మాత్రం పన్ను ఉంటుంది, కొటేషన్ పన్నుతో కలిపే అడగండి.

8. ప్రెస్సుకు ఇచ్చేముందు

ఒక్క నమూనా కాపీ కొట్టించి చూడకుండా మొత్తం ఆర్డరుకు ఒప్పుకోవద్దు. వీపు మీద పేరు మధ్యలో ఉందా, పుస్తకం పూర్తిగా తెరిచినప్పుడు లోపలి మార్జిన్‌లో అక్షరాలు మునిగిపోతున్నాయా, అట్ట రంగు స్క్రీన్ మీద చూసినదానికంటే మరీ ముదురుగా వచ్చిందా చూడండి. పుస్తకాన్ని మధ్యలో విరిచి తెరవండి, జిగురు బలం తెలుస్తుంది.

9. పాఠకుడికి చేర్చడం

అచ్చుకు ముందే ప్రీ ఆర్డర్లు తీసుకోండి. మొదటి అడుగులో రాసుకున్న జాబితాకు ఇప్పుడు పని పడింది. గుంపుగా ఫార్వర్డ్ చేసే పోస్టర్‌కు స్పందన ఉండదు. ఒక్కొక్కరికీ పేరు పెట్టి, వాళ్లకు నచ్చుతుందనుకున్న కథ గురించి రెండు మాటలు రాసి, యూపీఐ నంబరు ఇవ్వండి. శ్రమే, కానీ ఇంతకంటే బాగా పనిచేసే దారి నేను చూడలేదు.

పోస్టు ఖర్చు చిన్న ప్రచురణకర్తలకు పెద్ద దెబ్బే. పుస్తకాలకు తక్కువ రేటుండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేసింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మొదలైనప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, సర్ఫేస్ మార్గంలో, అంటే విమానంలో కాకుండా నేల దారిన వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యం. విద్య, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు ఉద్దేశించిన సౌకర్యం ఇది. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుల పేరు ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. పార్సిల్ కట్టకముందే మీ పోస్టాఫీసులో అడిగి ఖాయం చేసుకోండి. ప్యాకింగ్‌తో కలిపి 300 గ్రాములు దాటకుండా ఉంటే ఎంత మిగులుతుందో, కాగితం ఎంచుకునేటప్పుడే ఆలోచించండి.

షాపుల విషయానికొస్తే, హైదరాబాద్‌లో కాచిగూడ నవోదయ, రెండు రాష్ట్రాల్లోని విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవచేతన, నవ తెలంగాణ దుకాణాలు తెలుగు పాఠకులకు తెలిసిన చోట్లు. ఎక్కడైనా పద్ధతి దాదాపు ఒకటే: కాపీలు పెట్టాలి, అమ్మాక డబ్బు వస్తుంది. ఒకేసారి 50 ఇవ్వకండి. పది ఇచ్చి, రసీదు తీసుకుని, అయిపోయాక ఇంకో పది. ఆరు నెలలకోసారి లెక్క అడగాలని క్యాలెండర్‌లో రాసుకోండి. నా ఎరికలోనే ఒక దుకాణం నుంచి రావలసిన డబ్బు రసీదు లేకపోవడం వల్ల పూర్తిగా పోయింది. ఆన్‌లైన్‌లో అమెజాన్, లోగిలి ఉన్నాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక్కో అచ్చు కాపీ పోస్టులో పంపడం కంటే, అక్కడినుంచి సెలవులకు వచ్చేవాళ్లతో పది కాపీలు కలిపి పంపడమే నయం.

పుస్తకం విడుదల తేదీని పుస్తక ప్రదర్శనలకు ముడిపెట్టండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. విజయవాడలో ఇది 1989 నుంచీ నడుస్తోంది. నవంబరు చివరికి కాపీలు చేతిలో ఉండాలంటే జూన్‌లో ఎడిటింగ్ మొదలవ్వాలి. స్టాల్ సొంతంగా తీసుకోవడం ఒక్క పుస్తకానికి దండగ. ఇద్దరు ముగ్గురు రచయితలు కలవండి, లేదా చిన్న ప్రచురణకర్త స్టాల్‌లో కమిషన్ మీద పెట్టండి. రోజుకు రెండు గంటలైనా అక్కడ నిలబడండి. పాతికేళ్ల పిల్లలు పుస్తకం తిరగేసి "ఇది దేని గురించి అండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇరవై సెకన్లలో చెప్పగలిగే జవాబు ఇంటి దగ్గరే తయారు చేసుకుని వెళ్లండి.

ఆవిష్కరణ సభ పెట్టాలా? పెట్టండి, కానీ పెద్ద హాలు, శాలువాలు, పది మంది వక్తలు అక్కర్లేదు. ఆ డబ్బుతో మూడు ఊళ్లలో, మూడు చిన్న గ్రంథాలయాల్లో ఒక్కో కథ చదివి వినిపించండి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి వందేళ్లు దాటిన గ్రంథాలయాలు ఇంకా తలుపులు తెరిచే ఉన్నాయి. కథ విన్న ముప్పై మందిలో పదిమంది కొంటారు, శాలువా చూసినవాళ్లు కొనరు.

గ్రంథాలయ సంస్థలు, కోల్‌కతాలోని రాజా రామ్‌మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పుస్తకాలు కొనే పథకాలు ఉన్నాయి. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. ఆ కొనుగోలును నమ్ముకుని మాత్రం ముందే అదనపు కాపీలు వేయొద్దు.

10. ఈబుక్, ఆడియో

అచ్చు కాపీలు సగం పోయేదాకా ఈబుక్ ఆపడం నాకు నచ్చిన పద్ధతి. ఆడియో మాత్రం ఆపక్కర్లేదు. దాసుభాషితం లాంటి వేదికలు, తెలుగు పాడ్‌కాస్టులు ఉన్నాయి. మీ సంపుటి నుంచి ఒక కథను మంచి గొంతున్నవాళ్లతో చదివించి వదిలితే, విన్నవాళ్లలో కొందరు పుస్తకం అడుగుతారు. వాట్సాప్ గ్రూపుల్లో పుస్తకం పీడీఎఫ్ తిరగకుండా ఉండాలంటే ప్రెస్సు ఫైలు ఎవరికీ, సమీక్షకులకైనా, పంపొద్దు. అచ్చు కాపీయే ఇవ్వండి.

11. పంపాల్సిన కాపీలు, ఆపైన రెండో ముద్రణ

1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లలో చాలామంది ఈ పని చేయరు. చేయండి. మన పుస్తకం మనకంటే ఎక్కువకాలం ఉండే చోట్లు అవి. కథల పుస్తకమైతే శ్రీకాకుళంలోని కథానిలయానికి ఒక కాపీ తప్పనిసరి. కాళీపట్నం రామారావు గారు 1997లో తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం అది. ఉచిత కాపీల లెక్కలో ఈ ఐదింటినీ మొదటే పక్కన పెట్టుకోండి.

కాపీలు ముప్పైకి తగ్గేసరికి, పాఠకులు చూపించిన తప్పులన్నీ ఒకచోట రాసి ఫైలు సరిచేయించి ఉంచండి. డిజిటల్ అయితే వంద చొప్పున మళ్లీ వేసుకోవచ్చు. అచ్చుతప్పులు మాత్రమే దిద్దితే అదే ఐఎస్‌బీఎన్ సరిపోతుంది, "ద్వితీయ ముద్రణ" అని నెల వేయండి. కథలు చేర్చినా తీసేసినా అది కొత్త కూర్పు, కొత్త నంబరు తీసుకోవాలి.